వైజాగ్‌లో ఇల్లు అమ్ముతున్నారా? వెతికేవాళ్ళకి దొరికేలా, చదివితే అర్థమయ్యేలా ప్రకటన రాసే పద్ధతి

"ప్రైమ్ లొకేషన్‌లో లగ్జరీ ఫ్లాట్ అమ్మబడును. అన్ని సౌకర్యాలూ కలవు. వాస్తు ప్రకారం కట్టినది. వివరాలకు ఫోన్ చేయగలరు."

ఇలాంటి ప్రకటనలు విశాఖపట్నం వాట్సాప్ గ్రూపుల్లో రోజూ తిరుగుతుంటాయి. అందులో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. కానీ సీతమ్మధారలో మూడు బెడ్‌రూముల ఫ్లాట్ కోసం వెతుకుతున్న మనిషికి అది ఎప్పటికీ దొరకదు. అందులో సీతమ్మధార అన్న మాట లేదు, మూడు అన్న అంకె లేదు. ఎలాగో కంటపడినా ధరెంత, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా అని అడగడానికి ఫోన్ చెయ్యాలి. చాలామంది చెయ్యరు, పక్క ప్రకటనకి వెళ్ళిపోతారు.

ప్రకటన చెయ్యాల్సిన పనులు రెండు. వెతికేవాళ్ళ కంటపడాలి. చదివాక "ఇది మనకి పనికొస్తుంది" అనో "పనికిరాదు" అనో వాళ్ళు తేల్చుకోగలగాలి. అమ్మేవాళ్ళు రెండోదాన్ని పెద్దగా పట్టించుకోరు, నా లెక్కలో అదే ముఖ్యం. పనికిరానివాళ్ళు చదివే దశలోనే తప్పుకుంటే, ఆదివారం ఇల్లు చూడ్డానికి వచ్చే నలుగురూ నిజంగా కొనే ఆలోచనతో వస్తారు. సొంత ఇల్లు అమ్ముకునేవాళ్ళకైనా, ఏజెంట్లకైనా, చిన్న బిల్డర్లకైనా ఈ పద్ధతి ఒకటే.

మొదటి మెట్టు: కొనేవాళ్ళలా వెతికి చూడండి

రాయడానికి కూర్చునే ముందు ఓ అరగంట కొనేవాళ్ళ స్థానంలో ఉండండి. మ్యాజిక్‌బ్రిక్స్, 99ఏకర్స్ లాంటి ఇళ్ళ ప్రకటనల పోర్టల్‌లు, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, గూగుల్ ఒక్కోటీ తెరిచి, మీ ఇంటిలాంటి ఇల్లు కావలసినవాళ్ళు ఏం టైపు చేస్తారో అది టైపు చెయ్యండి. మొదటి రెండు మూడు అక్షరాలకే కింద సూచనలు వస్తాయి. వాటిని రాసుకోండి, జనం వాడే మాటలు అవే. మీ వీధికి దగ్గరలోని నాలుగైదు ప్రకటనలు చదివి, ఒక్కోదాని దగ్గర మీకు ఏ ప్రశ్న మిగిలిపోయిందో పక్కన రాసుకోండి. ఆ ప్రశ్నల జాబితాకి జవాబులు రాస్తే మీ ప్రకటన సగం పూర్తయినట్టే.

ఇక్కడే ప్రాంతం పేరు ఎలా రాయాలో కూడా తేలుతుంది. మనవాళ్ళలో చాలామంది ఇంగ్లిషు అక్షరాల్లోనే వెతుకుతారు, మధురవాడని ఒకరు డబ్ల్యూతో, ఇంకొకరు వీతో రాస్తారు. సీతమ్మధారకీ ఇదే తంటా. భీమిలి అనేవాళ్ళు, భీమునిపట్నం అనేవాళ్ళు, పీఎం పాలెం అనేవాళ్ళు, పోతినమల్లయ్యపాలెం అని పూర్తిగా కొట్టేవాళ్ళు, అందరూ ఉన్నారు. పోర్టల్‌లో ప్రాంతం ఎంచుకునే చోట ఏ స్పెల్లింగు ఉందో అదే టైటిల్‌లో పెట్టండి. రెండో రూపాన్ని వివరణలో ఏదో ఒక వాక్యంలో సహజంగా రానివ్వండి. తెలుగులో మాట్లాడి వెతికేవాళ్ళూ ఉన్నారు కాబట్టి తెలుగు అక్షరాల్లో ఒక్కసారైనా పేరు ఉండాలి. అంతేగానీ చివర్లో వైజాగ్, విశాఖ, విశాఖపట్నం, మధురవాడ, కొమ్మాది, ఎండాడ, రుషికొండ అని పేర్లు గుప్పించకండి. కొమ్మాది ఇల్లు రుషికొండలో వెతికేవాళ్ళకి కనపడితే వాళ్ళు విసుక్కుంటారు తప్ప కొనరు.

రెండో మెట్టు: కాగితాలు, టేపు

సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), తాజా ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఇంటి పన్ను రసీదు, ప్లాన్ అప్రూవల్, ఉంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) ముందు పెట్టుకోండి. జ్ఞాపకం మీద రాస్తే అంకెలు తప్పుతాయి. ఎప్పుడో కొన్న ఫ్లాట్‌ని ఇంట్లో అందరూ "పన్నెండు వందల అడుగులు" అనుకుంటూ ఉంటారు. దస్తావేజు తీస్తే ప్లింత్ ఏరియా ఒకటి, కామన్ ఏరియా ఒకటి, కార్ పార్కింగ్ ఒకటి, వేరువేరుగా కనపడతాయి.

విస్తీర్ణం దగ్గర కాస్త నిలబడాలి, ఎక్కువ పేచీలు వచ్చేది ఇక్కడే. ఫ్లాట్‌కి మూడు లెక్కలుంటాయి. మెట్లు, కారిడార్, లిఫ్టు లాంటి ఉమ్మడి చోటులో మీ వాటా కూడా కలిపితే సూపర్ బిల్టప్. అది తీసేసి మీ గోడలూ బాల్కనీలూ కలిపి లెక్కేస్తే బిల్టప్. లోపల వాడుకునే నేల కార్పెట్ ఏరియా. దీనికి 2016 నాటి రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, కచ్చితమైన నిర్వచనం ఇచ్చింది. బయటి గోడలు, పైపులు వెళ్ళే షాఫ్టులు, మీకు మాత్రమే చెందిన బాల్కనీ లేదా వరండా, మీకు మాత్రమే చెందిన ఓపెన్ టెర్రస్ లెక్కలోకి రావు. గదుల మధ్య గోడలు మాత్రం వస్తాయి. సూపర్ బిల్టప్‌లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కార్పెట్‌లోకి రాకపోవడం మామూలే. అందుకని "1,200 ఎస్‌ఎఫ్‌టీ" అని ఊరికే రాస్తే ఎవరికి తోచిన లెక్క వాళ్ళు వేసుకుని వస్తారు, గదులు చూసి నిరాశపడతారు. "సూపర్ బిల్టప్ 1,200, కార్పెట్ 840 చదరపు అడుగులు" అని రెండూ చెప్పండి. కార్పెట్ అంకె కాగితాల్లో లేకపోతే టేపు పట్టుకుని గదులన్నీ కొలిచి, "మేము కొలిచిన లెక్క" అని రాయండి. గదుల కొలతలు కూడా ఇస్తే ఇంకా మంచిది. పెద్ద మంచం, బీరువా వేశాక నడవడానికి చోటుంటుందో లేదో 11 × 13 అన్న అంకె చూడగానే ఇల్లాలికి తెలిసిపోతుంది.

పాత అపార్టుమెంట్లకి భూమిలో వాటా, అదే అన్‌డివైడెడ్ షేర్, ఎన్ని గజాలో తప్పకుండా రాయాలి. ద్వారకానగర్, ఆశీల్‌మెట్ట, సిరిపురం లాంటి చోట్ల ముప్పై ఏళ్ళు దాటిన భవనాల్లో కొనేవాళ్ళు గోడలకన్నా ఆ గజాలకే ధర కడతారు. ఆ అంకె లేని ప్రకటనకి మొదట వచ్చే ఫోన్ దాని గురించే.

ఇండివిడ్యువల్ ఇంటికి గజాలు ఒక్కటే సరిపోవు. 30 అడుగుల ముందు, 45 అడుగుల లోతు ఉన్నది 150 గజాలు. 18 అడుగుల ముందు, 75 అడుగుల లోతు ఉన్నదీ 150 గజాలే. రెండూ ఒక ధరకి పోవు. ముందు, లోతు, ఎదుటి రోడ్డు వెడల్పు మూడూ రాయండి. పెందుర్తి, ఆనందపురం వైపు సెంట్లలో మాట్లాడేవాళ్ళు ఉన్నారు కాబట్టి రెండు లెక్కలూ ఇవ్వవచ్చు. ఒక సెంటు 48.4 గజాలు, గజం 9 చదరపు అడుగులు.

మూడో మెట్టు: దిక్కు

మన దగ్గర దిక్కు చూడకుండా ఇల్లు చూడ్డానికి కూడా రానివాళ్ళు ఉంటారు. వాస్తు మీద మీ అభిప్రాయం ఏదైనా, దిక్కు అన్నది వెతికే మాట. అయితే ఫ్లాట్ విషయంలో "ఈస్ట్ ఫేసింగ్" అన్న మాటని ముగ్గురు మూడు రకాలుగా వాడతారు. భవనం ఎదుటి రోడ్డు తూర్పున ఉందని ఒకరి ఉద్దేశం. ఫ్లాట్ సింహద్వారం తూర్పుకి తెరుచుకుంటుందని ఇంకొకరిది. బాల్కనీ తూర్పున ఉందని మరొకరిది. కొనేవాళ్ళు ఎక్కువగా అడిగేది సింహద్వారం గురించి. "సింహద్వారం తూర్పు, బాల్కనీ దక్షిణం, భవనానికి పడమర రోడ్డు" అని విడివిడిగా చెప్పేస్తే గందరగోళం ఉండదు.

ఫోన్‌లోని దిక్సూచితో చూసేటప్పుడు ఇనుప గ్రిల్లు, లిఫ్టు, బీరువా పక్కన నిలబడకండి, ముల్లు పక్కకి పోతుంది. రెండు మూడు చోట్ల చూసి సరిపోల్చుకోండి. మూలకి తిరిగిన స్థలమైతే "ఆగ్నేయానికి కొంచెం తిరిగి ఉంది" అని ఉన్నదున్నట్టు రాయండి. బీచ్ రోడ్డు వెంబడి చాలా వీధులు సరిగ్గా దిక్కులకి లేవు, తీరమే ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా పోతుంది కదా. "నూటికి నూరు శాతం వాస్తు" అని రాయడంవల్ల లాభం లేదు. వాస్తు చూసుకునేవాళ్ళు ఎలాగూ తమ పంతులుగారినో సిద్ధాంతిగారినో వెంటపెట్టుకుని వస్తారు. వాళ్ళకి కావలసింది వంటగది ఏ మూల, మెట్లు ఎటు, బోరు ఎక్కడ, వీధిపోటు ఉందా అన్న వివరాలు.

నాలుగో మెట్టు: ఇల్లు ఎక్కడుందో చెప్పడం

వైజాగ్‌లో మనం దారి చెప్పేది జంక్షన్లతో. ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక, కార్‌షెడ్, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, కూర్మన్నపాలెం. ప్రకటనలోనూ అలాగే రాయండి: ప్రాంతం, దగ్గరి జంక్షన్, అక్కడినుంచి రోడ్డు మీద ఎంత దూరం. ఎంవీపీ కాలనీ అయితే సెక్టార్ నంబరు లేకుండా రాయకండి, కాలనీ అంత పెద్దది.

దూరం ఎప్పుడూ రోడ్డు మీద లెక్కే రాయాలి. ఈ ఊళ్ళో కొండలు ఎక్కువ. మ్యాపులో గీత గీస్తే పక్కనే ఉన్నట్టు కనపడేది కైలాసగిరి చుట్టో, సింహాచలం కొండల చుట్టో తిరిగి వెళ్ళాల్సి వస్తుంది. యారాడ బీచ్ గాజువాక వైపు నుంచి మ్యాపులో ఎంత దగ్గరగా ఉన్నా మధ్యలో కొండ దారి ఎక్కి దిగాలి. మ్యాపులో దారి పెట్టి, ఉదయం ఆఫీసు వేళ ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఎంతసేపు పడుతుందో చూసి ఆ రెండూ రాస్తే చదివేవాళ్ళకి నమ్మకం కలుగుతుంది.

"దగ్గర" అన్న మాట పక్కన పేరు ఉండి తీరాలి. ఎయిర్‌పోర్టు దగ్గర అంటే ఎన్‌ఏడీ దాటాక ఉన్నదా, విజయనగరం జిల్లా భోగాపురంలోదా? బీచ్ దగ్గర అంటే ఆర్కే బీచా, సాగర్‌నగరా, భీమిలా? రైల్వే స్టేషన్ దగ్గర అంటే విశాఖపట్నం స్టేషనా, దువ్వాడా? సింహాచలం స్టేషన్ ఉన్నది గోపాలపట్నంలో, గుడి దగ్గర కాదు. బయటి ఊరి నుంచి వెతికేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. మెట్రో సంగతి కూడా చెప్పాలి. "మెట్రో స్టేషన్‌కి ఐదు నిమిషాలు" అని కొందరు రాస్తున్నారు. కాగితం మీద ఉన్నదాన్ని కట్టినట్టు చెప్పడం కొనేవాళ్ళని మోసం చెయ్యడమే. రాయాలనుకుంటే "ప్రతిపాదనలో ఉంది" అని రాయండి, లేదా వదిలెయ్యండి.

జిల్లా పేరు కూడా ఒకసారి చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక సబ్బవరం, పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళాయి. పాత దస్తావేజుల్లో విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. ఇప్పటి జిల్లా రాసి, "పాత విశాఖపట్నం జిల్లా" అని పక్కన పెడితే రెండు పేర్లతో వెతికేవాళ్ళకీ దొరుకుతుంది.

ఎవరు కొంటారో ఊహించి దానికి తగ్గ దూరాలు ఇవ్వండి. కూర్మన్నపాలెం ఇంటికి స్టీల్ ప్లాంట్ గేటు దూరం కావాలి. రుషికొండ వైపు ఇంటికి ఐటీ హిల్స్, గీతం యూనివర్సిటీ కావాలి. పెద్ద వాల్తేరు ఇంటికి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), ఆంధ్రా యూనివర్సిటీ. పది దూరాలు రాస్తే ఎవరూ చదవరు, మూడు నాలుగు చాలు.

ఐదో మెట్టు: టైటిల్, పోర్టల్ ఫారం

ఫోన్ తెర మీద టైటిల్‌లో మొదటి కొన్ని మాటలే కనపడతాయి. అక్కడ "అమ్మకానికి", "అద్భుతమైన", "అర్జెంట్" పెట్టి చోటు వృథా చేసుకోవద్దు. వరసగా ప్రాంతం, ఎన్ని బీహెచ్‌కే, ఇంటి రకం, విస్తీర్ణం, దిక్కు, ఆ తర్వాత ఈ ఇంటికి మాత్రమే ఉన్న విషయం ఒకటి. "లాసన్స్ బే కాలనీ 3 బీహెచ్‌కే ఫ్లాట్, 1,650 చ.అ., ఉత్తర గుమ్మం, రెండు కార్ల పార్కింగ్" అన్నదాంట్లో ప్రతి ముక్కనీ ఎవరో ఒకరు వెతుకుతారు.

ఇంటి రకానికి జనం వాడే మాట వాడండి. ఫ్లాట్, అపార్ట్‌మెంట్, పాతవాళ్ళు అనే గ్రూప్ హౌస్. ఇండివిడ్యువల్ హౌస్, డూప్లెక్స్, జీ ప్లస్ వన్, డాబా ఇల్లు. టైటిల్‌లో ఒకటి, వివరణలో ఇంకొకటి రావచ్చు.

వివరణ ఎంత బాగా రాసినా పోర్టల్ ఫారంలో గడులు ఖాళీగా వదిలితే ఇల్లు కనపడకుండా పోతుంది. కొనేవాళ్ళు బడ్జెట్, బెడ్‌రూములు, దిక్కు, భవనం వయసు ఎంచుకుని వడకడతారు. మీరు దిక్కు గడి నింపకపోతే, తూర్పు ఎంచుకున్నవాళ్ళకి మీ తూర్పు ఇల్లు రాదు. విసుగనిపించినా అన్ని గడులూ నింపండి. ధర గడిలో "ఫోన్‌లో చెప్తాం" అనుకుని 1 రూపాయి కొట్టేవాళ్ళు ఉన్నారు, దాంతో బడ్జెట్ పెట్టి వెతికే ప్రతి ఒక్కరికీ దూరమవుతారు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది బొమ్మ మీద అక్షరాలు. రంగురంగుల పోస్టర్ చేయించి, వివరాలన్నీ అందులోనే పెట్టి, కింద ఒక్క ముక్క కూడా రాయకుండా గ్రూపుల్లో పంపుతారు. మర్నాడు ఎవరైనా ఆ గ్రూపులో "మురళీనగర్" అని వెతికితే ఆ పోస్టర్ రాదు. పోస్టర్ ఉండొచ్చు, దాని కింద అవే వివరాలు టైపు చేసి ఉండాలి.

ఆరో మెట్టు: వివరణ

మొదటి రెండు వాక్యాల్లో మొత్తం ఇల్లు తెలియాలి. తర్వాత గదులు, భవనం, నీళ్ళు, పార్కింగ్, చుట్టుపక్కల, కాగితాలు, ధర. విశేషణం రాయాలనిపించిన ప్రతిసారీ దాని వెనక ఉన్న సంగతి ఏమిటని మిమ్మల్ని మీరు అడగండి. "విశాలమైన హాలు" వెనక "12 × 20 అడుగులు" ఉంది. "మంచి వెంటిలేషన్" వెనక "హాలుకి రెండు వైపులా కిటికీలు, పక్క భవనానికీ మనకీ మధ్య 10 అడుగుల ఖాళీ" ఉంది. "నాణ్యమైన నిర్మాణం" వెనక ఏమీ లేకపోతే ఆ మాట తీసెయ్యండి. "అన్ని సౌకర్యాలు" అన్నదానికి బదులు ఉన్నవాటి పేర్లు రాయండి: లిఫ్టు, జనరేటర్ లిఫ్టుకి మాత్రమేనా ఇంట్లో లైట్లకి కూడానా, సీసీ కెమెరాలు, వాచ్‌మన్, నెలకి మెయింటెనెన్స్ ఎంత.

వైజాగ్‌కి ప్రత్యేకమైన సంగతులు కొన్ని ఉన్నాయి, వేరే ఊరి ప్రకటన చూసి కాపీ కొట్టేవాళ్ళకి ఇవి తట్టవు.

సీ వ్యూ. ఈ ఊళ్ళో దీనికున్నంత గిరాకీ దేనికీ లేదు, దీని మీద ఉన్నన్ని అతిశయోక్తులూ దేనికీ లేవు. సముద్రం ఏ గదిలోంచి కనపడుతుంది, నిలబడితేనా కూర్చున్నా కూడానా, మధ్యలో ఖాళీ స్థలం ఉందా? ఖాళీ స్థలం ఉంటే రేపు అక్కడ ఐదంతస్తులు లేవొచ్చు, కొనేవాళ్ళకి ఆ సంగతి తెలియాలి. డాబా ఎక్కితేనే కనపడేదైతే "డాబా మీంచి సముద్రం కనపడుతుంది" అని రాయండి. అదీ ఆకర్షణే, పైగా నిజం.

ఉప్పుగాలి. తీరానికి దగ్గరి ఇళ్ళలో ఇనుప గ్రిల్లులు, గేట్లు, ఏసీ బయటి యూనిట్లు తొందరగా తుప్పు పడతాయి. కిటికీలు యూపీవీసీవా (గట్టి ప్లాస్టిక్‌వి), అల్యూమినియంవా, చెక్కవా, గ్రిల్లులకి రంగు ఎప్పుడు వేయించారో రాయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్ళకి కిటికీల సంగతి చిన్న విషయం కాదు. అంతకుముందు కట్టిన ఇల్లైతే ఆ తర్వాత కిటికీలు, పైకప్పు, నీళ్ళ ట్యాంకు ఏమేం మార్పించారో ఒక వాక్యం చాలు. వానలకి ఏ గోడైనా చెమ్మగిల్లుతుంటే, బాగుచేయించి ఆ సంగతి రాయండి. దాచి రంగు వేసినది మొదటి వర్షానికే బయటపడుతుంది, మిమ్మల్ని నమ్మి కొన్నవాళ్ళు దాంతో బతకాలి.

నీళ్ళు. జీవీఎంసీ కొళాయి ఉందా, రోజు విడిచి రోజా, ఎంతసేపు? బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయా, ఉప్పగా ఉంటాయా? ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పించుకుంటారా? ఇంట్లో ఆడవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఇదే, ప్రకటనల్లో అరుదుగా కనపడే జవాబూ ఇదే. ఇంకా పోర్టు వైపు ప్రాంతాల్లో బొగ్గు దుమ్ము, జాతీయ రహదారి పక్కన లారీల చప్పుడు, కొండవాలులో ఉన్న ఇళ్ళకి ఎక్కుడు దారి. ఆటో గుమ్మం దాకా వస్తుందా, మెట్లెక్కాలా అన్నది మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో ఉండేవాళ్ళకి అన్నిటికన్నా ముందు తెలియాలి.

ఒక మాట గట్టిగా చెప్తాను. "ఫలానా కులం వాళ్ళకి మాత్రమే", "ఫలానా మతం వాళ్ళు ఉండే వీధి" అని రాయకండి. ఇంటి వివరణలో మనుషుల పుట్టుకకి చోటు లేదు. అలాంటి వాక్యం చదివి ఎంతమంది మనసు కష్టపెట్టుకుని ఊరుకుంటారో రాసినవాళ్ళకి తెలియదు.

ఏడో మెట్టు: కాగితాల సంగతి, ధర

"క్లియర్ టైటిల్" అని అందరూ రాస్తారు కాబట్టి ఆ మాటకి విలువ పోయింది. దేనివల్ల క్లియర్ అంటున్నారో అది రాయండి: జీవీఎంసీ ప్లాన్ అప్రూవల్ ఏ సంవత్సరం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా, ప్లాన్‌కి మించి కట్టినది బీపీఎస్‌లో (జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే ప్రభుత్వ పథకం) క్రమబద్ధం చేయించారా, బ్యాంకు లోను ఇంకా ఉందా. లోనుంటే సిగ్గుపడాల్సింది లేదు, "లోను బకాయి ఉంది, రిజిస్ట్రేషన్ లోపు తీర్చి ఒరిజినల్ కాగితాలు ఇస్తాం" అంటే చాలు.

"వుడా అప్రూవ్డ్" అన్న మాట ఇప్పటికీ జనం నోట్లో ఉంది. వుడా, అంటే విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ, 2018లో వీఎంఆర్‌డీఏ అయింది. పాత లేఅవుట్‌కి వుడా ఎల్పీ (లేఅవుట్ అనుమతి) నంబరే ఉంటుంది, ఆ నంబరు రాసి పక్కన వీఎంఆర్‌డీఏ అని కూడా పెట్టండి. వుడా తానే వేసిన లేఅవుట్ వేరు, ప్రైవేటువాళ్ళు వేస్తే వుడా అనుమతి ఇచ్చిన లేఅవుట్ వేరు. మొదటిదానికి ఎంవీపీ కాలనీ ఉదాహరణ. ఏదో స్పష్టంగా చెప్పండి. పంచాయతీ లేఅవుట్ అయితే అలాగే చెప్పి, ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) రుసుము కట్టారో లేదో రాయండి.

సింహాచలం దేవస్థానం పంచగ్రామాల వివాదం (ఐదు ఊళ్ళ భూములు దేవస్థానానివా, అక్కడ ఉంటున్నవాళ్ళవా అన్న తగువు) ఉన్న అడవివరం, వేపగుంట లాంటి చోట్ల, కొనేవాళ్ళ మొదటి అనుమానం స్థలం రిజిస్ట్రేషన్ నిషేధించిన జాబితాలో, అంటే 22ఏలో, ఉందేమోనని. అమ్మకానికి పెట్టే ముందే రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్‌ఎస్ వెబ్‌సైటులో మీ సర్వే నంబరు చూసుకోండి. జాబితాలో లేకపోతే ఆ సంగతి రాయండి. ఉంటే ముందు లాయరుగారిని కలవండి, ప్రకటన తర్వాత.

కొత్త ప్రాజెక్టు అమ్మే బిల్డర్లకి ఇది చట్టం. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరాలో నమోదు చేయించకుండా ప్రకటన ఇవ్వకూడదు. ప్రకటనలో రెరా నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా ఉండాలి. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టినవాళ్ళు నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలి. సొంత ఫ్లాట్‌ని తిరిగి అమ్ముకునేవాళ్ళకి ఈ నమోదు అక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్‌కి రెరా నంబరు ఉంటే మాత్రం ఇవ్వండి, ఆ నంబరుతో వెతికేవాళ్ళు ఉన్నారు.

ధర అంకెల్లో ఉండాలి. బేరం ఉంటే "కొంత మాట్లాడుకోవచ్చు", లేకపోతే "ఫిక్స్‌డ్". అందులో కార్ పార్కింగ్, వుడ్‌వర్క్, ఏసీలు, కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ ఉమ్మడి నిధి) కలిశాయో లేదో చెప్పండి. రిజిస్ట్రేషన్ ఖర్చులు కొనేవాళ్ళవే అని ఒక ముక్క ఉంటే చివర్లో మాట తేడా రాదు.

ఒక నమూనా

ఇది ఊహించి రాసిన ఇల్లు. అంకెలు మీవి పెట్టుకోండి, వరస ఉంచుకోండి.

*పీఎం పాలెం 2 బీహెచ్‌కే ఫ్లాట్, 1,150 చ.అ., తూర్పు గుమ్మం, 3వ అంతస్తు, కార్‌షెడ్ జంక్షన్‌కి 900 మీటర్లు*

*పోతినమల్లయ్యపాలెంలో 2012లో కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. సొంతదారులమే అమ్ముతున్నాం, ధర రూ. 56 లక్షలు, కొంత మాట్లాడుకోవచ్చు.*

*సూపర్ బిల్టప్ 1,150, కార్పెట్ 805 చదరపు అడుగులు (మేము కొలిచినది). భూమిలో వాటా 42 గజాలు. హాలు 11 × 19, బెడ్‌రూములు 11 × 13, 10 × 11, వంటగది 8 × 9 అడుగులు. రెండు బాత్రూములు, ఒకటి అటాచ్డ్. సింహద్వారం తూర్పు, వంటగది ఆగ్నేయం, బాల్కనీ ఉత్తరం. చిన్న బెడ్‌రూముకి పడమటి ఎండ తగులుతుంది, ఏసీ ఉంది, ధరలోనే ఇస్తాం.*

*ఆరుగురు పట్టే లిఫ్టు, లిఫ్టుకీ కామన్ లైట్లకీ జనరేటర్. స్టిల్ట్‌లో ఒక కారుకి కేటాయించిన పార్కింగ్. జీవీఎంసీ కొళాయి రోజూ ఉదయం, బోరు నీళ్ళు వాడకానికి. మెయింటెనెన్స్ నెలకి రూ. 1,800. కిటికీలు 2019లో యూపీవీసీకి మార్చాం.*

*కార్‌షెడ్ జంక్షన్ 900 మీటర్లు, క్రికెట్ స్టేడియం 1.5 కిలోమీటర్లు, రెండూ రోడ్డు మీద లెక్క. వీధి 30 అడుగుల సిమెంటు రోడ్డు.*

*జీవీఎంసీ ప్లాన్ అప్రూవల్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్నాయి. లోను లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చులు కొనేవారివి. చూడ్డానికి శని, ఆదివారాలు ఉదయం 9 నుంచి 1 దాకా.*

ఇందులో పడమటి ఎండ సంగతి గమనించండి. లోపం ఒకటి ముందే చెప్పి, దానికి మీరు చేసింది కూడా చెప్తే, మిగతా వాక్యాల మీద నమ్మకం పెరుగుతుంది.

ఎనిమిదో మెట్టు: పెట్టే ముందు, పెట్టాక

ఇల్లు చూడని బంధువుకి ఎవరికైనా ఇది చదివించి, ఏం అర్థమైందో చెప్పమనండి. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నకి జవాబు లోపల చేర్చండి. ఫొటోలు పగటి వెలుగులో తియ్యండి, ఒక్కోదాని కింద "హాలు, తూర్పు గుమ్మం వైపు నుంచి" లాంటి ముక్క రాయండి.

సేల్ డీడ్ ఫొటోలు ఎక్కడా పెట్టకండి. అందులో మీ ఆధార్ నంబరు, సంతకం, వేలిముద్ర ఉంటాయి. డోర్ నంబరు కూడా బహిరంగంగా అక్కర్లేదు, తాళం వేసి ఉండే ఇల్లైతే అసలే వద్దు. కాగితాలు నిజంగా ఆసక్తి ఉన్నవాళ్ళకి ఇంటికి పిలిచి చూపించండి.

ఒకరికన్నా ఎక్కువమంది బ్రోకర్లకి ఇల్లు అప్పగిస్తే అందరికీ ఇదే వివరణ, ఇదే ధర ఇవ్వండి. ఒకే ఫ్లాట్ మూడు చోట్ల మూడు ధరలకి కనపడితే కొనేవాళ్ళు తక్కువది పట్టుకుని బేరం మొదలుపెడతారు, లేదా ఏదో తేడా ఉందని వెనక్కి పోతారు.

వచ్చే ఫోన్లలో ఒకే ప్రశ్న పదేపదే వస్తుంటే ఆ జవాబు ప్రకటనలో లేదన్నమాట, అదే రోజు చేర్చండి. ఫోన్లే రాకపోతే ముందు ధరనీ టైటిల్‌నీ చూడండి. ఫోన్లు వచ్చి, చూసినవాళ్ళంతా మాట్లాడకుండా వెళ్ళిపోతుంటే వివరణకీ ఇంటికీ ఎక్కడో పొంతన లేదు. ధర మారిస్తే పెట్టిన ప్రతి చోటా మార్చండి. అడ్వాన్స్ తీసుకుని అగ్రిమెంటు రాసుకున్నాక "అగ్రిమెంటు అయింది" అని పెట్టి, రిజిస్ట్రేషన్ అయిన రోజే అన్ని చోట్లా తీసెయ్యండి, బ్రోకర్లకీ చెప్పి తీయించండి.